మా నెల్లూరు యాసలో చదివితే ఒప్పుకుంటారా?

ప్రశ్న: నేను రిటైరైన టీచర్‌ని. పాత పుస్తకాలు చదివి ఉచితంగా ఆడియో చేసే లిబ్రివాక్స్‌లో నాలాంటివాళ్లు చేరొచ్చా? మాట్లాడితే చాలు, నెల్లూరు యాస బయటపడిపోతుంది.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: తప్పకుండా చేరండమ్మా, తెలుగులో చదివేవాళ్లు చాలా కావాలి. 2005లో హ్యూ మెక్‌గ్వైర్ మొదలుపెట్టిన ఈ పనిలో చదివేవాళ్లంతా వాలంటీర్లే, జీతం లేదు, ఆడిషన్ లేదు, యాసకు అభ్యంతరం అసలే లేదు. ముందు ఒక నిమిషం చదివి పంపితే సౌండ్ సరిగ్గా ఉందో లేదో చెబుతారు. కంప్యూటర్, ఒక మైకు, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, బట్టలతో నిండిన బీరువా తలుపులు తీసి దాని ఎదురుగా కూర్చోండి, గది మోత చాలావరకు తగ్గుతుంది. మధ్యలో రైలు కూత పడిందా, టెన్షన్ వద్దు, ఆ వాక్యం మళ్లీ చదివి పాతది కత్తిరించేయడమే.

జాగ్రత్తంతా పుస్తకం ఎంపికలో. మన దగ్గర రచయిత పోయిన 60 ఏళ్లకు కాపీరైట్ తీరుతుంది, కానీ లిబ్రివాక్స్ వాళ్లు అమెరికా చట్టం చూస్తారు, అక్కడ పాత పుస్తకాలకు అచ్చయినప్పటి నుంచి 95 ఏళ్లు. 1915లో కన్నుమూసిన గురజాడ, 1919లో పోయిన కందుకూరి తాము బతికుండగా అచ్చేయించినవి హాయిగా చదవొచ్చు. మీ రికార్డింగ్ కూడా అందరి సొత్తయిపోతుంది, రేపు ఎవరైనా అమ్ముకున్నా అడగలేం, దానికి మనసొప్పితేనే దిగండి.

గొంతు సహకరించని మీ స్నేహితులుంటే వాళ్లనూ పిలవండి, రికార్డింగ్ వింటూ తప్పులు పట్టేవాళ్లు కూడా అంతే అవసరం.