నక్షత్రాలు రోజూ నాలుగు నిమిషాలు ముందే ఎందుకొస్తాయి?

ప్రశ్న: ఎండాకాలం మిద్దె మీద పడుకుంటే నక్షత్రాలు తూర్పున లేచి పడమటికి పోతూనే ఉంటాయి. తిరిగేది భూమి అంటాడు మా పిల్లోడు, కాదు ఆకాశమే అంటాడు మా నాయన. నా అనుమానం వేరే. భూమి 24 గంటలకో చుట్టు తిరుగుతూ సూర్యుడి చుట్టూ కూడా పోతుంటే, ఆరు నెలలకు సూర్యుడికి అవతలి పక్కకు చేరతాం కదా, అప్పుడు మధ్యాహ్నం పన్నెండుకి అర్ధరాత్రి కావాల. కావట్లేదే?
- ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: ముందు మీ అనుమానం సంగతే చూద్దాం, ఇంట్లో పంచాయితీ కన్నా అదే గట్టిది. చిక్కంతా ఆ 24 దగ్గరే ఉంది. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి పట్టేది 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. ఈలోపు సూర్యుడి చుట్టూ దాదాపు ఒక డిగ్రీ ముందుకు జరిగిపోయి ఉంటుంది కాబట్టి, సూర్యుడు మళ్లీ నడినెత్తికి రావాలంటే ఇంకో నాలుగు నిమిషాలు తిరగాలి. అదీ కలిపితేనే మన రోజు. మీరన్నట్టు సరిగ్గా 24 గంటలకే ఒక చుట్టయితే పగలూ రాత్రీ నిజంగానే తారుమారయ్యేవి.

నక్షత్రాలు మాత్రం భూమి ఒక చుట్టు పూర్తి కాగానే పాత చోటికి వచ్చేస్తాయి, అంటే మన గడియారం లెక్కన రోజూ నాలుగు నిమిషాలు ముందే. ఆ నాలుగు నిమిషాలను మీ మిద్దె మీంచే పట్టుకోవచ్చు. కార్తీకంలో పిల్లలకోడి, అదే కృత్తికలు, అర్ధరాత్రికి నడినెత్తిన ఉంటుంది. రోజుకు నాలుగు నిమిషాలంటే నెలకు రెండు గంటలు, అందుకే శివరాత్రి జాగారం నాటికి చీకటి పడేసరికే అక్కడికి చేరిపోతుంది.

గుడికి పోయినప్పుడు ఒక పని చేయండి. ధ్వజస్తంభం వైపే ముఖం పెట్టి, పక్కకు అడుగులేస్తూ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. స్తంభం మీ కళ్లముందు నుంచి కదల్లేదు, అంటే దాని లెక్కన మీరు తిరగనే లేదు. కానీ ప్రహరీ, గోపురం, వేపచెట్టు అన్నీ ఒకసారి మీ ముఖం ముందు నుంచి పోయాయి. సూర్యుడు స్తంభం, నక్షత్రాలు ప్రహరీ. ఏడాదికి సూర్యుడి లెక్కన 365 చుట్లయితే నక్షత్రాల లెక్కన 366, ఒకటి ఎక్కువ.

ఇక మీ నాయనగారి మాట. నక్షత్రాల గోళం 23 గంటల 56 నిమిషాలకో చుట్టు తిరుగుతుంది, సూర్యుడు రోజూ కాస్త వెనకబడుతూ 24 గంటలు తీసుకుంటాడు అనుకున్నా ఉదయాస్తమయాలన్నీ అచ్చం అలాగే వస్తాయి. వట్టి కంటితో ఏది నిజమో తేల్చలేం, పెద్దాయన్ని తప్పుపట్టకండి. అసలు ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు: తనచుట్టూ తాను తిరిగేది ఎవరు, ఎవరి చుట్టూ ఎవరు పోతున్నారు. 499లో ఆర్యభటుడు భూమిని మధ్యలోనే ఉంచాడు, అయినా తిరిగేది భూమే అన్నాడు, పోయే పడవలో కూర్చున్నవాడికి గట్టు వెనక్కి పోతున్నట్టు కనిపించదా అని. 43,20,000 ఏళ్ల మహాయుగంలో భూమి 158,22,37,500 చుట్లు తిరుగుతుందని, రోజులు మాత్రం 157,79,17,500 అని లెక్క వేశాడు. తీసివేసి చూడండి, సరిగ్గా 43,20,000 తేడా, ఏడాదికొక్కటి! నాకైతే ఆ తీసివేత చూసినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

తీర్పు చాలా తర్వాత వచ్చింది. 1838లో జర్మన్ ఖగోళవేత్త బెస్సెల్ ఒక నక్షత్రం, భూమి జరిగే కొద్దీ, ఏడాదిలో అటూ ఇటూ రవ్వంత ఊగడం కొలిచి, దాని దూరం తేల్చాడు. అంటే సూర్యుడి చుట్టూ పోయేది భూమే. నక్షత్రాలు ఎంత దూరమో తెలిశాక ఆకాశం తిరగడం కుదిరే పని కాదు. సూర్యుడి తర్వాత మనకు అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం 4.2 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది (కాంతి ఒక ఏడాదిలో పోయే దూరమే కాంతి సంవత్సరం), అది రోజుకో చుట్టు మన చుట్టూ తిరగాలంటే కాంతికన్నా కొన్ని వేల రెట్లు వేగంగా పోవాలి. 1851లో పారిస్‌లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫూకో పొడుగాటి లోలకం వేలాడదీసి, కింద భూమి తిరుగుతుండటంతో అది ఊగే దిశ మెల్లగా మారడం జనానికి చూపించాడు. అక్కడ ఆ దిశ పూర్తి చుట్టు తిరగడానికి సుమారు 32 గంటలు. అదే అనంతపురంలో వేలాడదీస్తే దాదాపు నాలుగు రోజులు, మనం భూమధ్యరేఖకు దగ్గర కదా.

ప్రశ్న: ధ్రువ నక్షత్రం ఒక్కటే కదలదంటారు, నిజమేనా? మా ఊళ్లో అది కనిపించనే లేదు.
- ఒక విద్యార్థిని, ఆదోని

జవాబు: కదులుతుంది, కానీ చాలా చిన్న చుట్టు. ఆకాశమంతా దేని చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుందో ఆ చోటే అసలు ధ్రువం, దానికి అది ఒక డిగ్రీ లోపే పక్కకు ఉంది. ఇక కనిపించకపోవడం అంటారా, మీ ఊరి అక్షాంశం ఎంతో అదీ అంతే ఎత్తులో ఉంటుంది, ఆదోనిలో దాదాపు 16 డిగ్రీలు. చెయ్యి చాపి పిడికిలి పడితే పది డిగ్రీలు, కాబట్టి ఉత్తరాన నేలమీంచి పిడికిలిన్నర పైన వెతకాలి. అందరూ అనుకునేంత మెరిసే నక్షత్రం కాదది. మీకు ఉత్తరం వైపు కొండో, పక్కింటివాళ్ల రెండో అంతస్తో అడ్డముంటే మాత్రం వేరే మిద్దె ఎక్కాల్సిందే.