షుగర్, కడుపు ఆపరేషన్ ఉన్నవాళ్లు తునికి పండ్లు తినొచ్చా?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా. మా నాన్నకు 64 ఏళ్లు, చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. గతంలో అల్సర్ ఆపరేషన్‌లో జీర్ణాశయం కొంత తీసేశారు. ఎండాకాలంలో తునికి పండ్లు పరగడుపునే తింటారు, దోరవి కూడా వదలరు. ఈమధ్య నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందట, వాంతులూ అవుతున్నాయి. పండ్ల వల్లేనా?

జవాబు: అయ్యుండొచ్చు. ఆలస్యం చేయకుండా గ్యాస్ట్రో ఎంటరాలజిస్టుకు (కడుపు, పేగుల డాక్టరుకు) చూపించండి.

దోర తునికి పండు కొరికితే నాలుక పిడచకట్టుకుపోతుంది కదా, ఆ వగరంతా టానిన్లదే. ఇవి కడుపులోని ఆమ్లం తగలగానే జిగురుగా గడ్డకట్టి, పీచుని, తిన్న ఆహారాన్ని పట్టుకుని ముద్దవుతాయి. రోజులు గడిచేకొద్దీ ఆ ముద్ద రాయిలా గట్టిపడుతుంది. దీన్ని బెజోర్ అంటాం. తునికి కుటుంబానికే చెందిన పర్సిమన్ పండుతో ఈ సమస్య బాగా తెలిసిందే. మాగిన పండులో వగరు తగ్గుతుంది కాబట్టి ఆరోగ్యవంతులు అన్నం తిన్నాక రెండు మూడు తింటే భయపడక్కర్లేదు. పిల్లల్ని అనవసరంగా కట్టడి చేయకండి.

మీ నాన్నగారి సంగతి వేరు. ఆపరేషన్ తర్వాత ఆహారం సరిగ్గా నలగదు. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే నరాలు దెబ్బతిని కడుపు ఖాళీ అవడం కూడా నెమ్మదిస్తుంది. పైగా పరగడుపున దోర పండ్లు! ఆయన ఇక వీటిని పూర్తిగా మానేయడమే మంచిది. బీడీ అలవాటుంటే అదీ మాన్పించండి, షుగర్‌కు బీడీ తోడైతే రక్తనాళాలు త్వరగా పాడవుతాయి.

ఎండోస్కోపీ (నోటి గుండా కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి చూసే పరీక్ష) చేస్తే బెజోర్ ఉందో లేదో తెలిసిపోతుంది. ఉంటే చాలాసార్లు దాంతోనే ముక్కలు చేసి తీసేస్తారు, కుదరకపోతే ఆపరేషన్ చేస్తారు. కోలా తాగితే కరుగుతుందని ఎవరైనా చెబితే ఇంట్లో ప్రయత్నించకండి. ఆసుపత్రిలో కొందరికి ఆ పద్ధతి వాడే మాట నిజమే. కానీ సగం కరిగిన ముక్క పేగులోకి జారి అడ్డం పడొచ్చు, షుగరూ పెరుగుతుంది.

కడుపు ఉబ్బి, మెలిపెట్టే నొప్పితో వాంతులు ఆగకపోయినా, గ్యాస్ కూడా పోకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. తునికి పండ్లు తిన్నారని, పాత ఆపరేషన్ ఉందని డాక్టరుకు ముందే చెప్పండి.