కొత్త ఎలక్ట్రిక్ కారు నడిరోడ్డుపై ఆగిపోతోంది... డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: తొమ్మిది నెలల క్రితం బ్యాంకు లోను మీద కొత్త ఎలక్ట్రిక్ కారు కొన్నాం. ఒకసారి ఫుల్‌గా చార్జ్ చేస్తే 450 కిలోమీటర్లు వస్తుందని ప్రకటనలో ఉంది. మాకు ఎన్నడూ 310 దాటలేదు. అదైనా సర్దుకున్నాం. కానీ ఇప్పటికి నాలుగుసార్లు ఎర్ర హెచ్చరిక వెలిగి కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఒకసారైతే రాత్రి పూట, పిల్లలు కూడా ఉన్నారు. మొదటి మూడుసార్లూ టోయింగ్ బండి మీద తీసుకెళ్లి, మొత్తం 41 రోజులు సర్వీస్ సెంటర్‌లో ఉంచుకుని, 'సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం, ఇక రాదు' అని తిరిగిచ్చారు. ఇంట్లో చార్జింగ్ మధ్యలో ఆగిపోతోందంటే మీ వైరింగ్‌లోనే తేడా ఉందంటున్నారు. డీలరును అడిగితే బ్యాటరీ సంగతి కంపెనీ చూసుకోవాలంటాడు. కంపెనీకి ఫోన్ చేస్తే డీలరునే కలవమంటారు. ఇప్పుడు నాలుగోసారి కారు వాళ్ల దగ్గరే ఉంది. కారు ఇచ్చేసి డబ్బు వెనక్కి తీసుకోవచ్చా? ఈఎంఐలు ఆపేస్తే దిగివస్తారా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఈఎంఐ సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ ఒక్క పని చేస్తే మిగతా నష్టాల కంటే అదే పెద్దదవుతుంది. దయచేసి ఆపకండి. కారు అమ్మింది డీలరు, తయారు చేసింది కంపెనీ, అప్పిచ్చింది బ్యాంకు. బ్యాంకుతో మీ ఒప్పందం వేరు. కారు బాగా లేదన్నది బ్యాంకుకు చెప్పుకునే జవాబు కాదు. వాయిదా ఆగితే డీలరుకు నొప్పి తెలియదు. మీ క్రెడిట్ స్కోరు పడిపోతుంది, వసూలు చేసేవాళ్లు ఇంటికొస్తారు. కోపంలో ఇలా చేసి, గెలవాల్సిన కేసును మధ్యలో వదిలేసుకున్న వాళ్లను చూశాను. వాయిదాలు కడుతూనే పోరాడండి. కట్టిన వడ్డీని తర్వాత నష్టపరిహారంలో అడగవచ్చు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో మూడు ఫిర్యాదులు కలగలిసి ఉన్నాయి: రేంజి (ఒక ఫుల్ చార్జికి వచ్చే దూరం) తక్కువ రావడం, కారు ఆగిపోవడం, ఇంట్లో చార్జింగ్ నిలిచిపోవడం. మూడింటి బలం ఒకటి కాదు. ఒకే ఊపులో రాసేస్తే అవతలి లాయరు అన్నింటికంటే బలహీనమైన రేంజినే పట్టుకుని, 'ఈవిడ ఆశలు ఎక్కువ పెట్టుకున్నారు, అంతే' అని కేసునంతా అటు తిప్పేస్తాడు. కాబట్టి వీటిని విడదీయాలి.

రేంజి గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. ప్రకటనల్లో కనిపించే అంకె పరీక్షశాలలో రోలర్ల మీద, ముందే నిర్ణయించిన వేగాల క్రమంలో కారును నడిపి రాబట్టింది. హైవే మీద వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు దాదాపు వేగం వర్గంతో పాటే పెరుగుతుంది. ఏసీ, ఎత్తు రోడ్లు, టైర్లలో గాలి, కారులో ఎంతమంది ఉన్నారన్నది కూడా లెక్కలోకి వస్తాయి. అందుకని 450 అన్నచోట 310 వచ్చిందన్న ఒక్క కారణంతో వినియోగదారుల కమిషన్ దాన్ని లోపం అంటుందని మీకు ఆశ పెట్టలేను. రెండు సందర్భాల్లో మాత్రం మాట మారుతుంది. ఒకటి, 'మామూలు వాడకంలోనే 400 గ్యారంటీగా వస్తుంది' అని అమ్మేటప్పుడు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాసి ఉంటే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) లోపాన్ని నిర్వచిస్తూ, వ్యాపారి ఏ రూపంలో చెప్పుకున్న ప్రమాణమైనా సరే, వస్తువు దాన్ని అందుకోకపోతే లోపమే అంటుంది. ఆ పాత చాట్ ఒకసారి వెతకండి. రెండు, మొదటి నెలలో 310 వచ్చింది ఇప్పుడు అదే దారిలో, అదే వేగంలో 250కి దిగిపోయి ఉంటే. అది ప్రకటనకు, వాస్తవానికి మధ్య తేడా కాదు, బ్యాటరీ కుంగిపోతోందన్న గుర్తు. తొమ్మిది నెలల్లో అంత తగ్గడం సహజం కాదు. బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో చూపే రిపోర్టు రాతపూర్వకంగా అడగండి. వారంటీ పుస్తకంలో ఎంత శాతం కంటే దిగితే బ్యాటరీ మారుస్తామని ఉందో కూడా చూసుకోండి.

కారు ఆగిపోవడమే మీ అసలు కేసు. కొత్త కారు తొమ్మిది నెలల్లో నాలుగుసార్లు నడిరోడ్డు మీద నిలిచిపోవడాన్ని వాడకం తీరుతోనూ వాతావరణంతోనూ సమర్థించలేరు. కానీ ఈ బలమంతా కాగితం మీదకు రావాలి. 'సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం' అన్న మాట నాకు బాగా కలవరం కలిగిస్తుంది. పెట్రోలు కారులో పంపు పోతే పాత పంపు బల్ల మీద కనిపిస్తుంది. ఇక్కడ లోపం కళ్లకు కనబడదు. ఎర్ర హెచ్చరిక వెలిగిన ప్రతిసారీ కారులోని కంప్యూటరు ఒక ఫాల్ట్ కోడ్ నమోదు చేసుకుంటుంది. సర్వీస్ సెంటర్ వాళ్లు తమ యంత్రం తగిలించి ఆ కోడ్ చదువుతారు, పని అయ్యాక చెరిపేస్తారు. ఆ కోడ్ మీ చేతికి రాకుండా చెరిగిపోయిందంటే, మీకు తెలియకుండానే మీ సాక్షి వెళ్లిపోయినట్టే.

ముందు ఆ మూడుసార్లూ సర్వీస్ సెంటర్ రాసిచ్చిన జాబ్ కార్డులు తీసి చూడండి. 'కస్టమర్ ఫిర్యాదు' అన్న గడిలో ఏం రాశారు? చాలాచోట్ల 'జనరల్ చెకప్' అనో 'సాఫ్ట్‌వేర్ అప్‌డేట్' అనో రాసి సంతకం పెట్టించుకుంటారు. రేపు కమిషన్ ముందు కంపెనీ ఆ కార్డే చూపించి, 'కారు ఆగిందని ఈవిడ ఎప్పుడూ చెప్పలేదు, మామూలు సర్వీసుకు తెచ్చారు' అంటుంది. కార్డులు అలాగే ఉంటే కంగారు పడకండి. టోయింగ్ బండి వచ్చినప్పటి మెసేజ్‌లు, మీ ఫోన్ కాల్ లిస్టు, కారు యాప్‌లో వచ్చిన హెచ్చరికలు, డ్యాష్‌బోర్డు ఫొటోలు అన్నీ తేదీల వారీగా పేర్చుకోండి. పక్కనే ఆ రోజు ఓడోమీటరు అంకె రాసుకోండి. ఆ తర్వాత, ఏ తేదీన ఎక్కడ కారు ఆగింది, ఎన్ని రోజులు వాళ్ల దగ్గర ఉంది అన్నదంతా వివరిస్తూ డీలరుకు, కంపెనీకి ఒకే మెయిల్ పంపండి. ప్రతిసారీ నమోదైన ఫాల్ట్ కోడ్‌లు, మార్చిన భాగాలు, వేసిన అప్‌డేట్ వివరాలు ఇవ్వమని అందులోనే అడగండి. ఇస్తే మీకు సాక్ష్యం దొరికినట్టు. ఇవ్వకపోయినా నష్టం లేదు. అదే చట్టంలోని సెక్షన్ 2(11) ప్రకారం, వినియోగదారుకు చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని తొక్కిపెట్టడం కూడా సేవా లోపమే. పైగా సెక్షన్ 38(9) కింద పత్రాలు తెప్పించే విషయంలో కమిషన్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలే ఉన్నాయి. కంపెనీ సర్వర్లలో ఉన్న మీ కారు డేటాను దాఖలు చేయించమని అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు.

స్క్రీన్‌షాట్ల విషయంలో ఒక జాగ్రత్త. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. ఫోనులో ఉన్నవాటి ప్రింట్లు దాఖలు చేసేటప్పుడు దాని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. మీ లాయరుకు ఇది తెలిసే ఉంటుంది. మీరు మాత్రం పాత ఫోన్ అమ్మేయకండి, యాప్ తీసేయకండి.

ఇప్పుడు మీరు సూటిగా అడిగిన ప్రశ్న: డబ్బు వెనక్కి వస్తుందా? వినియోగదారుల రక్షణ చట్టంలో దారి ఉంది. సెక్షన్ 39 కింద లోపం సరిచేయమని, వస్తువు మార్చి ఇవ్వమని, లేదా ధర వడ్డీతో తిరిగి చెల్లించమని కమిషన్ ఆదేశించవచ్చు. అయితే అక్కడిదాకా చేరడం తేలిక కాదు. 2006లో మారుతీ ఉద్యోగ్‌కు సంబంధించిన తీర్పులో సుప్రీంకోర్టు, వారంటీ ప్రకారం కంపెనీ బాధ్యత చెడిన భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడమే తప్ప కారు మొత్తాన్ని మార్చడం కాదని చెప్పింది. కంపెనీ లాయర్లు మొదట చూపేది ఈ తీర్పునే. 2010లో ఫియట్ ఇండియా కేసులో మాత్రం అదే కోర్టు, స్వతంత్ర సాంకేతిక నిపుణుడు తయారీలోనే లోపం ఉందని తేలిస్తే కొనుగోలుదారుకు ధర తిరిగి రావాలంది. రెండూ కలిపి చదివితే మీ కేసు నిపుణుడి రిపోర్టు మీద నిలబడుతుందని అర్థమవుతుంది. పరీక్షించకుండా తేల్చలేని లోపమైతే సెక్షన్ 38(2)(సి) కింద కమిషన్ దాన్ని పరీక్షకు పంపించాలి. రిపోర్టుకు చట్టం పెట్టిన గడువు 45 రోజులు. ఖర్చు ముందు ఫిర్యాదు చేసినవారే డిపాజిట్ చేయాల్సి ఉంటుంది. అడిగే హక్కు మీది, అడగాల్సింది కూడా మీరే. ఫిర్యాదుతో పాటే నిపుణుడి కోసం దరఖాస్తు వేయించండి. విచారణ చివర్లో గుర్తొస్తే అప్పటికే ఆలస్యమైపోతుంది.

కోరికలను కూడా మెట్లుగా అడగాలన్నది నా సలహా. మొదటిది కొత్త కారు లేదా ధర వాపసు. అది కుదరకపోతే లోపమున్న బ్యాటరీ ప్యాక్ లేదా కంట్రోల్ యూనిట్‌కు బదులు కొత్తది, దానికి ఆ రోజు నుంచి మళ్లీ పూర్తి వారంటీ. రెండింట్లో ఏదైనా, కారు లేని 41 రోజులకు ప్రయాణ ఖర్చులు, మనోవేదనకు పరిహారం, కోర్టు ఖర్చులు. ఒక్క వాపసే అడిగి కూర్చుంటే, లోపం నిజమే కానీ అది భాగానికి పరిమితమని కమిషన్ భావించినప్పుడు చేతికి వచ్చేది తగ్గిపోవచ్చు. 'ఇన్ని వేల కిలోమీటర్లు తిప్పారుగా, లోపం ఎక్కడ?' అని కూడా అడుగుతారు. ఆగిపోయిన ప్రతిసారీ ఉన్న ఓడోమీటరు అంకెల వరుసే దానికి జవాబు.

డీలరు, కంపెనీ ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం గురించి: ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. చేర్చి ఊరుకుంటే చాలదు. 2021లో టాటా మోటార్స్‌కు సంబంధించిన కేసులో, డీలరు చేసిన తప్పుకు ప్రత్యేకంగా ఆరోపణ, ఆధారం లేకుండా తయారీదారును బాధ్యుడిని చేయలేమని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని తయారీ లోపం కంపెనీది, 41 రోజులు ఉంచుకుని కారణం రాసివ్వకపోవడం డీలరుది అని ఎవరి పాత్ర వారికి విడిగా రాయాలి. కారు ఆగడం ప్రాణాల మీదకు తెచ్చే విషయం కాబట్టి ఇంకో దారి కూడా వాడుకోండి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన సెక్షన్ 110ఎ కింద, ప్రమాదకర లోపమున్న మోడల్‌ను వెనక్కి రప్పించమని కేంద్రం తయారీదారును ఆదేశించగలదు. ఎంతమంది యజమానులు ఫిర్యాదు చేశారన్నది అక్కడ లెక్కలోకి వస్తుంది. మీ ఫిర్యాదు ఒకటి నమోదైతే, ఇదే మోడల్ నడుపుతున్న ఇంకో కుటుంబానికి కూడా మేలు.

ఇంటి చార్జింగ్ సంగతి తేల్చడం సులువే. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగు, వోల్టేజీ కొలిపించి, అంకెలతో రాయించుకోండి. ఎర్తింగు సరిగా లేకపోతే చాలా కార్లు చార్జింగ్ తీసుకోవు. అది భద్రత కోసం పెట్టిన ఏర్పాటే. నిజంగా తేడా ఉంటే సరిచేయించండి, ఆ ఫిర్యాదును కేసులోంచి తీసేయండి. వైరింగ్ బాగానే ఉండి, వేరేచోట ఏసీ చార్జర్ (ఇంట్లో వచ్చే రకం కరెంటుతోనే చార్జ్ చేసేది) మీద కూడా ఇలాగే ఆగుతోందంటే లోపం కారుదో, వాళ్లిచ్చిన చార్జింగ్ కేబుల్‌దో అయి ఉంటుంది. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024లో చేసిన సవరణ ప్రకారం, అడిగినవారికి ఎలక్ట్రిక్ వాహనం చార్జింగ్ కోసం విడిగా కనెక్షన్ ఇవ్వాలి. ఆ లైను విడిగా ఉంటే, పాత వైరింగ్ మీదకు నెట్టే అవకాశం వాళ్లకు పోతుంది.

కేసు ఎక్కడ వేయాలంటే, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. చెల్లించిన మొత్తం 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్ చాలు. 20 లక్షల లోపు కారుకు ఫీజు 400 రూపాయలు మించదు. ముందుగా 15 రోజుల గడువుతో లీగల్ నోటీసు పంపండి. తప్పనిసరి కాకపోయినా, కొందరు డీలర్లు నోటీసు అందాకే నోరు విప్పుతారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఖర్చు లేదు. అక్కడ కంపెనీ ఇచ్చే రాతపూర్వక సమాధానం కేసులో పనికొస్తుంది. కమిషన్ నోటీసు అందాక వాళ్లు జవాబు దాఖలు చేయడానికి 30 రోజులు, పొడిగిస్తే మరో 15. ఆ పైన గడువు ఇవ్వడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పరీక్ష అవసరమైన కేసులను 5 నెలల్లో ముగించాలని చట్టం చెబుతుంది. నిజానికి అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది, అందుకు మీరు సిద్ధంగా ఉండాలి.

బ్యాటరీకి 8 ఏళ్ల వారంటీ ఉంది కదా అని నిదానించకండి. సెక్షన్ 69 కింద కేసు వేసే గడువు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లే. వివాదానికి తావు లేకుండా, కారు మొదటిసారి ఆగిన తేదీ నుంచే ఆ రెండేళ్లను లెక్కవేసుకోండి.

కారు ఈసారి తిరిగి ఇచ్చేటప్పుడు ఒంటరిగా వెళ్లకండి, ఇంట్లోవాళ్లను ఒకరిని తోడు తీసుకెళ్లండి. 'సమస్య పూర్తిగా పరిష్కారమైంది, సంతృప్తి చెందాను' అన్న అచ్చు కాగితం మీద సంతకం అడుగుతారు. పెట్టకపోతే తాళాలివ్వం అనవచ్చు. అప్పుడు సంతకం పక్కనే మీ చేత్తో ఇలా రాయండి: 'నాలుగోసారి రోడ్డు మీద ఆగిన తర్వాత తీసుకుంటున్నాను. లోపానికి కారణం రాతపూర్వకంగా చెప్పలేదు. నా హక్కులు వదులుకోవడం లేదు.' కింద తేదీ, ఓడోమీటరు అంకె వేసి, కాగితం వాళ్ల చేతికిచ్చే ముందే ఫొటో తీసుకోండి.