వెన్నెల్లో నిద్రిస్తున్న యువకుడి చిన్న ఫ్రెంచ్ ఎచింగ్: అసలుదో కాదో ఎలా పోల్చుకోవాలి?

ప్యారిస్‌లో కొన్న అరచేయంత బొమ్మలో నెలవంక కింద ఒక యువకుడు, పక్కనే కుక్క నిద్రపోతున్నారనీ, అతనెవరో, అది నిజమైన ఎచింగ్ (లోహపు రేకు మీద ఆమ్లంతో గీతలు కొరికించి, సిరా పూసి తీసిన ముద్రణ) అవునో కాదో చెప్పమనీ అడిగారు. ఆ గుర్తులను బట్టి అతడు ఎండిమియన్ అయి ఉండాలి. చంద్రదేవత సెలీని మనసు పడిన ఈ అందగాడు ముసలితనం లేని శాశ్వత నిద్రలో ఉండిపోయాడని గ్రీకు గాథ. ఫ్రాన్సులో ఈ కథకు బాగా పేరు తెచ్చినది ఫ్రెంచ్ చిత్రకారుడు జిరొదే 1791లో రోమ్‌లో గీసిన తైలవర్ణచిత్రం. 1793లో సలోన్ అనే ప్యారిస్ చిత్రప్రదర్శనలో ప్రదర్శితమై, ప్రస్తుతం లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో దేవత రూపం కనిపించదు, యువకుడి ఒంటి మీద పడే వెన్నెలే ఆమె. మీ బొమ్మ దానికి నకలేమో సరిపోల్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారై ఉండవచ్చని గుర్తుంచుకోండి, ఎందుకంటే రేకు మీద గీసినది కాగితం మీద అద్దంలోలా తిరగబడుతుంది.

నా దగ్గరా సీన్ నది గట్టున పాత పుస్తకాలవాళ్ల వద్ద కొన్న ఎండిమియన్ ఎచింగ్ ఒకటి ఉంది. పదింతల భూతద్దంతో చూస్తే, మైనపు పూత మీద సూదితో గీసి ఆమ్లంతో కొరికించిన గీతలు కాబట్టి వాటి చివరలు మొద్దుగా ఆగిపోతాయి. ఉలితో చెక్కిన గీతలైతే సన్నబడుతూ ముగుస్తాయి. వెన్నెల పడిన ఛాతీ మీద సిరా చుక్క కూడా లేదు, అక్కడ వెలుగంతా వట్టి కాగితమే. చెట్ల నీడలో మాత్రం అడ్డంగా, ఏటవాలుగా పడిన గీతలు దట్టంగా కలిసిపోయి, కాగితాన్ని వాలుగా పట్టుకుంటే సిరా ఉబ్బెత్తుగా కనిపిస్తుంది.

మీ బొమ్మలో గీతలకు బదులు వరుసలు తీరిన చుక్కలు కనిపిస్తే అది హాఫ్‌టోన్ ముద్రణే, అంటే బొమ్మను చుక్కలుగా మార్చి యంత్రంతో అచ్చువేసినది. చుట్టూ రేకు అంచు నొక్కుడు ఉన్నంత మాత్రాన నమ్మకండి. ఫొటోను రేకు మీదికి ఎక్కించి తీసే ఫొటోగ్రావ్యూర్‌లకూ అది ఉంటుంది. బొమ్మ కింది అక్షరాలను శ్రద్ధగా చదవండి: సాధారణంగా ఎడమవైపు చిత్రకారుడి పేరు, కుడివైపు ఎచింగ్ చేసినవారి పేరు ఉంటాయి. 1859లో మొదలైన గాజెట్ దే బోజార్ పత్రిక తన సంచికలలో నిజమైన ఎచింగ్‌లను కూడా చేర్చేది, కాబట్టి అడుగున ఆ పేరు కనిపిస్తే నిరాశ పడనక్కరలేదు, ధర మాత్రం పెద్దగా పలకదు. రాగి రేకుకు ఉక్కు పూత పూసి వేల ప్రతులు తీయగలిగిన కాలమది. ఫ్రేము కట్టించేముందు అంచులు కత్తిరించనివ్వకండి. కింది అంచు ఫొటో పెడితే పేర్లు చదవడానికి ప్రయత్నిస్తాను.