వృద్ధాశ్రమాలను తనిఖీ చేసే అధికారి కావాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. బీఏ ఫైనలియర్ చదువుతున్నాను. మా నానమ్మ ఓ ప్రైవేటు వృద్ధాశ్రమంలో ఆరు నెలలుండి, వీపంతా పుండ్లతో ఇంటికొచ్చింది. అలాంటి చోట్ల తనిఖీలు చేసే ఉద్యోగం చేయాలనుంది. దారి చెప్పండి.

జవాబు: అమ్మా, నీ ఉత్తరం చదివి మనసు కలుక్కుమంది. ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. మన దగ్గర ‘వృద్ధాశ్రమాల ఇన్‌స్పెక్టర్’ పేరుతో నోటిఫికేషన్ పడదు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల సంక్షేమ చట్టం ఉంది. ఈ హోమ్‌లకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు తప్పనిసరి చేసే సవరణ బిల్లు 2019లో లోక్‌సభకు వచ్చింది కానీ, 2024లో ఆ సభతోపాటే మురిగిపోయింది. అందుకే తనిఖీ అనేది సంక్షేమ శాఖ, రెవెన్యూ అధికారులకు ఉన్న పది పనుల్లో ఒకటిగా మిగిలింది.

ఏ డిగ్రీతోనైనా గ్రూప్-1 రాసి డిప్యూటీ కలెక్టర్ కావచ్చు. ఆర్డీవోగా వయోవృద్ధుల పోషణ కేసులు వినేది వాళ్లే. కానీ నా ఓటు ముందు ఎమ్మెస్‌డబ్ల్యూకే, అంటే సోషల్ వర్క్‌లో పీజీకే. ఉస్మానియాలో, ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది. ఫీల్డ్‌వర్క్‌కు వృద్ధాశ్రమమే కావాలని పట్టుబట్టు. తర్వాత వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఎల్డర్‌లైన్‌లో ఫీల్డ్ ఉద్యోగాలకు ప్రయత్నించు. దిక్కులేని పెద్దవాళ్లను ఆశ్రమాలకు చేర్చేది ఆ సిబ్బందే కాబట్టి రకరకాల హోమ్‌లు లోపలి నుంచి తెలుస్తాయి. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందోనన్న టెన్షన్‌తో ఏళ్లు పోగొట్టుకోకు.

ఒకసారి తనిఖీ బృందంతో నేనూ వెళ్లాను. రిజిస్టర్లు అద్దంలా ఉన్నాయి. గోడ మీది మెనూలో మంగళవారం కోడిగుడ్డు కూర. ఆ రోజు మంగళవారమే. వంటింట్లో గానీ, బయటి చెత్తబుట్టలో గానీ ఒక్క గుడ్డు పెంకు లేదు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన ఒక పెద్దావిడకు నీళ్ల చెంబు కుడివైపే పెట్టారు. మేనేజర్ ఫోన్ మాట్లాడ్డానికి బయటికెళ్లాక, “పొద్దుట్నుంచీ గొంతెండిపోతోంది నాయనా” అంది.

ఈ పనికి కావాల్సింది ఆ చూపు. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. అందుకే ఎక్కడికెళ్లినా రాత్రిపూట ఎందరు ఆయాలున్నారని అడగాలి, రాత్రే వెళ్లి చూడాలి. ఇంగ్లండ్‌లో ఇదొక పూర్తిస్థాయి వృత్తి. అక్కడి కేర్ క్వాలిటీ కమిషన్ రాసే తనిఖీ నివేదికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వారానికి రెండు చదువు. ఏం చూశారు, ఎవరితో మాట్లాడారు, ఎలా రాశారు అన్నది నోట్సు రాసుకో.

మీ నానమ్మ విషయంలో ఫిర్యాదు చేశారో లేదో నువ్వు రాయలేదు. చేయకపోతే పుండ్ల ఫొటోలు, డాక్టర్ చీటీ, కట్టిన డబ్బు రసీదులు తేదీలవారీగా పెట్టి కలెక్టర్‌కు రాసివ్వండి. నానమ్మ పడుకున్న గదిలోనే ఇంకెందరో ఉండి ఉంటారు.