స్కాన్ అయిన మెయిల్ మళ్లీ స్కానర్‌కే వెళ్తుంటే...

ప్రశ్న: మా మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్‌కు అమావిస్ (మెయిల్‌ని స్కానర్‌తో చూపించే ప్రోగ్రామ్), క్లామ్‌ఏవీ (యాంటీవైరస్) కలిపాం. ఒక్క మెయిల్ పంపినా లాగ్‌లో పదేపదే కనబడి, చివరికి ‘టూ మెనీ హాప్స్’ (మరీ ఎక్కువసార్లు చేతులు మారింది) అంటూ తిరిగొస్తోంది. ఎందుకు?

జవాబు: పోస్ట్‌ఫిక్స్ మెయిల్‌ని 10024 పోర్టులో అమావిస్‌కు ఇస్తుంది. అమావిస్ చూశాక 10025లో పోస్ట్‌ఫిక్స్‌కే తిరిగిస్తుంది. పోస్ట్‌ఫిక్స్ ప్రధాన సెట్టింగుల ఫైలు మెయిన్.సీఎఫ్‌లో రాసిన కంటెంట్_ఫిల్టర్ (మెయిల్‌ని స్కానింగ్‌కు పంపే సెట్టింగ్) ఈ 10025కి కూడా వర్తిస్తుంది కాబట్టి మెయిల్ గానుగెద్దులా తిరిగి, హాప్ పరిమితి (మామూలుగా 50) దాటగానే ఆగిపోతుంది. పోస్ట్‌ఫిక్స్ సర్వీసుల జాబితా ఉండే మాస్టర్.సీఎఫ్‌లో 10025 ఎంట్రీ కింద ‘-ఓ కంటెంట్_ఫిల్టర్=’ అని రాసి, ఈక్వల్ గుర్తు తర్వాత ఖాళీగా వదలండి. ఆ లైను ముందు స్పేస్ తప్పనిసరి. లేకపోతే పోస్ట్‌ఫిక్స్ దాన్ని కొత్త ఎంట్రీ అనుకుంటుంది. 10025ని 127.0.0.1 (అదే మెషిన్) మీద మాత్రమే తెరవండి. బయటికి తెరిచి ఉంటే స్కానింగ్ తప్పించుకునే దొడ్డిదారి అదే.

ఫిల్టర్ మార్చినా క్యూలో ఉన్న పాత మెయిళ్లకు పాత సెట్టింగే అంటుకుని ఉంటుంది. పోస్ట్‌సూపర్ -ఆర్ ఆల్ కమాండ్ కొట్టి వాటిని మళ్లీ క్యూలోకి ఎక్కించండి.

ప్రశ్న: వైరస్‌లు దొరుకుతున్నాయి గానీ ఒక్కో మెయిల్‌కి చాలాసేపు పడుతోంది. ర్యామ్ పెంచాలా?

జవాబు: ముందు లాగ్‌లో ‘పర్మిషన్ డినైడ్’ ఉందేమో చూడండి. అమావిస్ తాత్కాలిక డైరెక్టరీని క్లామ్‌డీ (క్లామ్‌ఏవీలో ఎప్పుడూ నడుస్తూ ఉండే స్కానర్) చదవలేకపోతే, అమావిస్ బ్యాకప్‌గా క్లామ్‌ఏవీలోనే ఉన్న క్లామ్‌స్కాన్ కమాండ్‌ను పిలుస్తుంది. అది ప్రతి మెయిల్‌కూ సిగ్నేచర్ డేటాబేస్ మొత్తాన్నీ కొత్తగా లోడ్ చేసుకుంటుంది. ఆలస్యమంతా అక్కడే. క్లామ్‌ఏవీ యూజర్‌ని అమావిస్ గ్రూపులో చేర్చి, క్లామ్‌డీని రీస్టార్ట్ చేయండి. రీస్టార్ట్ మరిచిపోతే కొత్త గ్రూపు సంగతి దానికి తెలియదు. తర్వాత 68 బైట్ల ఐకార్ పరీక్ష ఫైలు (యాంటీవైరస్ పనిచేస్తోందో లేదో చూసే హానిలేని ఫైలు) పంపి చూడండి.

అప్పటికీ మెల్లగానే ఉంటే అమావిస్‌లోని మ్యాక్స్_సర్వర్స్‌నూ, మాస్టర్.సీఎఫ్‌లో అమావిస్‌కు మెయిల్ పంపే ట్రాన్స్‌పోర్ట్ మ్యాక్స్‌ప్రాక్‌నూ (రెండూ ఒకేసారి నడిచే ప్రాసెస్‌ల సంఖ్యే) ఒకే అంకెకు తెండి. ఒకదాన్నే పెంచితే లాభం లేదు.

ప్రశ్న: ఏలియాస్‌కు (వేరే చిరునామాలకు మళ్లించే మారు చిరునామాకు) పంపిన మెయిల్ రెండేసి కాపీలు వస్తోంది.

జవాబు: ఫిల్టర్‌కు ముందొకసారి, తర్వాతొకసారి ఏలియాస్ విప్పుకుంటోంది. మెయిన్.సీఎఫ్‌లో రిసీవ్_ఓవర్‌రైడ్_ఆప్షన్స్‌కు నో_అడ్రస్_మ్యాపింగ్స్ (ఏలియాస్ విప్పొద్దనే ఆప్షన్) ఇచ్చి, 10025 ఎంట్రీలో మాత్రం అది లేకుండా అదే ఆప్షన్‌ను విడిగా రాయండి. రెండుచోట్లా ఉంటే ఏలియాస్ అసలు విప్పుకోదు.

ప్రశ్న: వైరస్ మెయిల్ పంపినవారికి హెచ్చరిక పంపాలా?

జవాబు: వద్దు. ఆ ‘ఫ్రమ్’ చిరునామా దాదాపు ఎప్పుడూ దొంగదే. హెచ్చరిక వెళ్లేది సంబంధం లేని మనిషికి.