బీదలు ఎప్పుడూ ఉంటారన్న మాట ఎక్కడిది?

ప్రశ్న: వందనాలు మేడమ్. మా బైబిల్ స్టడీలో ఆమోసు ప్రవక్త గ్రంథం చదువుతున్నప్పుడు నేను కూలి డబ్బుల గురించి, అప్పుల గురించి మాట్లాడాను. సంఘ పెద్ద ఒకాయన, "బీదలు ఎప్పుడూ మీతోనే ఉంటారని ప్రభువే చెప్పాడు. మన పని ఆత్మల రక్షణ, రాజకీయాలు కాదు" అన్నారు. నాకు జవాబు తోచలేదు. సామాజిక న్యాయం కోణంలో బైబిల్ చదవడమంటే మన అభిప్రాయాలను అందులోకి జొప్పించడమేనా? – ఒక పాఠకురాలు

జవాబు: ఆ వాక్యంతో చాలామంది నోళ్లు మూయించారమ్మా, మీరొక్కరే కాదు. అందుకే దాన్ని మొదటినుంచీ చూద్దాం.

మార్కు 14వ అధ్యాయం. బేతనియలో సీమోను ఇంట్లో ఒక స్త్రీ ఖరీదైన అత్తరు యేసు తలమీద పోస్తుంది. 300 దేనారాలకు పైగా పలికేదాన్ని పాడుచేసిందని కొందరు సణుగుతారు. దేనారం అంటే కూలివాడి రోజు సంపాదన, అంటే అది దాదాపు ఏడాది కూలి. అప్పుడు యేసు అన్న మాట ఇది. ధర్మశాస్త్రం తెలిసిన ఆ శ్రోతలకు ఇది విన్న మాటే. ద్వితీయోపదేశకాండము 15:11లో, బీదలు దేశంలో ఉండకమానరు, అందుచేత వాళ్లకు తప్పకుండా నీ చెయ్యి చాపాలి అని ఆజ్ఞ ఉంది. మీ పెద్దాయన "అందుచేత" ముందే ఆగిపోయారు. అదే అధ్యాయం 4వ వచనమైతే మీలో బీదలు ఉండకూడదంటుంది. ఆ అధ్యాయం మొదలయ్యేదే ఏడేళ్లకోసారి అప్పులు విడిచిపెట్టాలన్న చట్టంతో. మార్కులో కూడా ఆ మాట వెంటనే, మీకిష్టమైనప్పుడల్లా వాళ్లకు మేలు చేయవచ్చని యేసు అంటాడు.

ఇక రాజకీయాల సంగతి. నెహెమ్యా 5వ అధ్యాయం తీయండి. కరువులో ధాన్యం కోసం జనం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టారు. రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేశారు. పిల్లలను దాస్యానికి పంపారు. అప్పిచ్చినవాళ్లు పరాయివాళ్లు కారు, సొంత యూదులే. ఆ మొర విని, అప్పటి యూదా దేశపు అధికారి నెహెమ్యాకు కోపం వచ్చింది. ప్రధానులనూ అధికారులనూ గద్దించాడు, పెద్ద సభ పెట్టించాడు. పొలాలు, తోటలు, ఇళ్లు, వసూలు చేసిన వడ్డీ ఈ రోజే తిరిగి ఇచ్చేయండి అన్నాడు. తానూ తన బంధువులూ అప్పులిచ్చినవాళ్లమేనని కూడా ఆ సభలోనే చెప్పాడు. అధికారిగా 12 ఏళ్లు తనకు రావలసిన భోజన భత్యం తీసుకోలేదు. ఇదంతా రాజకీయం అనుకుంటే, అది నెహెమ్యాతో మొదలైంది కాదు, మీతోనూ కాదు.

అభిప్రాయాలు జొప్పించడం అన్నారు కదా. ఎవరం చదివినా మనం నిలబడ్డ చోటినుంచే చదువుతాం. మత్తయి 20లో ద్రాక్షతోట పనివాళ్ల ఉపమానం ఉంది. పొద్దుటినుంచి పనిచేసినవాళ్లకూ సాయంత్రం చేరినవాళ్లకూ యజమాని ఒకే కూలి ఇస్తాడు. నేను క్లాసులో దాన్ని ఎప్పుడూ దేవుని కృప గురించే చెప్పేదాన్ని. ఆ పాఠం సరైనదే, ఇప్పటికీ చెప్తాను. కానీ ఒకసారి రోజుకూలికి వెళ్లే ఒకామె, సాయంత్రం దాకా నిలబడ్డవాళ్లను యజమాని ఎందుకని అడిగితే వాళ్లేమన్నారో మళ్లీ చదవమంది. ఎవరూ మమ్మల్ని పనికి పెట్టుకోలేదు, అన్నారు. "అది సోమరితనం కాదమ్మా, పని దొరక్క నిలబడ్డ రోజే ఎక్కువ అలసట" అంది. ఆ వాక్యం నా బైబిల్లోనూ ఉంది. దాన్ని ఆగి చూసింది మాత్రం ఆమె. ఆ ఆఖరివాళ్లకు కూడా రోజు గడవడానికి కావలసిన దేనారమే ముట్టింది. ఆమె బయటినుంచి ఏమీ తీసుకురాలేదు.

ఇదే ఊపులో ప్రార్థన, పశ్చాత్తాపం అక్కర్లేదనేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. ఆమోసుకు అంత మంట ఎందుకంటే, జోడు చెప్పుల కోసం బీదవాణ్ణి అమ్మినవాళ్లే పండుగలు చేసి పాటలు పాడుతున్నారు. దేవుడంటే లెక్కలేనివాడికి ఆ కోపం రాదు. బిగపట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని తన పత్రిక 5వ అధ్యాయంలో రాసిన యాకోబు, కష్టంలో ఉన్నవాణ్ణి ప్రార్థన చేయమన్నదీ ఆ అధ్యాయంలోనే.

ఈసారి స్టడీకి ద్వితీయోపదేశకాండము 15 పూర్తిగా చదువుదామని అడగండి. పెద్దాయన చేతనే చదివించండి. వాదన పెట్టుకోకండి.

ప్రశ్న: బానిసలను ఉంచుకోవచ్చన్న వాక్యాలు కూడా ఉన్నాయి కదా? న్యాయం గురించి మాట్లాడేవాళ్లు వాటిని దాటేస్తారెందుకు? – మరో పాఠకుడు

జవాబు: దాటేయకూడదు. భూమి పాత హక్కుదారులకు తిరిగి చేరాలని, విడుదల చాటించాలని చెప్పే లేవీయకాండము 25వ అధ్యాయమే, అన్యజనుల్లోనుంచి దాసులను కొనుక్కోవచ్చని 44వ వచనంలో అంటుంది. పౌలు కూడా ఒనేసిము అనే దాసుణ్ణి ఇక దాసుడిలా కాక ప్రియమైన సహోదరుడిలా చేర్చుకోమని అతని యజమాని ఫిలేమోనుకు రాశాడు, దాస్యాన్నే రద్దు చేయమని రాయలేదు. ఇది నన్ను బాధపెడుతుంది. మెత్తగా సర్దిచెప్పడం నాకిష్టం లేదు.

అయితే ఒక సంగతి గమనించండి. 1807లో లండన్‌లో, బ్రిటిష్ వెస్టిండీస్‌లోని బానిసల కోసమంటూ ఒక బైబిల్ అచ్చువేశారు. యజమానులకు లోబడమన్న వాక్యాలు ఉంచి, ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యంనుంచి బయటపడిన కథ తీసేశారు. ఈ పుస్తకం బానిసల చేతికి మొత్తంగా వెళ్తే ఏమవుతుందో వాళ్లకు బాగా తెలుసు. మీరు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, వాళ్లు తీసేసిన ఆ పేజీలతోనే అంటాను. నిర్గమకాండము 1 నుంచి 15 దాకా చదవండి. ఆ తర్వాత లేవీయకాండము 25కు వచ్చి, 44వ వచనం కూడా పైకి చదవండి.